402లో పొంగిన పాలు

పదకొండు ఇరవైకి లింగస్వామి సిరిమల్లె ఎన్‌క్లేవ్ ముందు స్కూటర్ ఆపాడు. గేటు మీద కట్టిన ఫ్లెక్సీలో బిల్డర్ నరేష్‌కుమార్ రెండు చేతులూ జోడించి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కింద ‘మీ కల – మా బాధ్యత’ అని రాసి ఉంది. బాధ్యతట! లింగస్వామికి పొద్దున తిన్న ఉప్మా గొంతులోకి వచ్చినంత పనైంది. ఇల్లు కొనడానికి బ్యాంకులో అర్జీ పెట్టుకున్నవాళ్ల గడపలన్నీ తొక్కి, ఎవడు నిజం చెప్తున్నాడో ఎవడు బొంకుతున్నాడో చూసి రాసిచ్చే ఉద్యోగం ఇరవై రెండేళ్లు చేశాడాయన. అది మానేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టి ఆరేళ్లయింది. దండం పెట్టే బిల్డర్లను వందమందిని చూశాడు గానీ, ఆ దండంలో మర్యాద ఉన్నవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

వాచ్‌మన్ గది ముందు యాదలక్ష్మి నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. అయినా చేతిలో చీపురు వదల్లేదు. వదిలితే ఈ ఉన్న గది కూడా ఖాళీ చేయమంటారని భయం.

“సారూ, నాలుగ్గొట్టంగ కోర్టుకు తోల్కపోతరంట. ఒక్కపారి జైల్ల పడ్డంక మా అసొంటోళ్లను ఎవలడుగుతరు సారూ?”

“నాలుగింటికి గదా? ఇంక టైమున్నది. ఏడ్సుడు బంద్ చేసి నేను అడిగినప్పుడు నోరు తెరువు చెల్లె, సాలు.”

ఆమె మొగుడు తిరుపతి ఈ బిల్డింగుకు వాచ్‌మన్. నిన్న, శుక్రవారం పొద్దున, ఇంకా లిఫ్టు బిగించని గుంతలో కోదండం అనే అరవయ్యేళ్ల పెద్దమనిషి శవం దొరికింది. పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు పెట్టి పైకొచ్చిన మనిషి. చేతులు ఆడినన్నాళ్లు ఆడతాయి, తర్వాత కిరాయి మీద బతకొచ్చని నాలుగో అంతస్తులో 402 కొన్నాడు. ఆయన వేలి ఉంగరం తిరుపతి గదిలో బియ్యం డబ్బా అడుగున దొరికింది. ఉంగరం కోసం వాచ్‌మనే తోసేశాడని సీఐ మధుకర్ సాయంత్రం నాలుగింటికి అరెస్టు రాసేశాడు. ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి కాబట్టి ఈ రోజు నాలుగింటికి ముహూర్తం.

ఆ కథ నమ్మని మనిషి ఒక్కతే ఉంది. చచ్చిపోయినవాడి భార్య లలితమ్మ. పొద్దున ఏడింటికే వచ్చి లింగస్వామి గది ముందు కూర్చుంది. “తిరుపతి కాదు అన్నా. మా ఆయనకు మోకాళ్లు నొస్తయని చెయ్యి పట్టుకొని మెట్లెక్కిచ్చెటోడు. అసొంటోడు తోస్తడా? ఉన్నోడు పోనే పోయిండు, ఉసురు గూడ మాకెందుకు?” అంది. తన ఫ్లాటు చూసేందుకు అనుమతిస్తూ సంతకం పెట్టిన కాగితమూ ఇచ్చింది. వాళ్ల పోచంపల్లి సంఘం వకీలు కోర్టు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఆయన చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. ఏడుపులు, దండాలు పనికిరావు.

కింద సెల్లార్ పక్కనే నరేష్‌కుమార్ ఆఫీసు. అద్దాల పెట్టెలో బిల్డింగు బొమ్మ పెట్టి, దానికి ప్లాస్టిక్ చెట్లు గుచ్చాడు. బయట మాత్రం చెట్టు అన్నది లేదు.

“రండి సార్, కూర్చోండి. టీ తాగుతారా? పాపం కోదండం గారు... దేవుడిలాంటి మనిషండీ.”

“చాయ్ ఒద్దు. నిన్న పొద్దున మీరు ఎన్నింటికి ఒచ్చిండ్రు?”

“తొమ్మిది నలభైకి. ఆయన స్కూటర్ కనబడింది. మూఢంలో ఈయనెందుకొచ్చారా అనుకున్నాను. పైకెళ్దామని మెట్ల వైపు తిరిగానండీ, పక్కన లిఫ్టు గుంతలో... అబ్బ, తలుచుకుంటేనే కడుపులో దేవుతుంది.”

“దేవనియ్యి. పోలీసులకు ఎన్నింటికి ఫోన్ కొట్టిండ్రు?”

“తొమ్మిది నలభై అయిదుకి.”

“సీఐ సారు ఎన్నింటికి ఒచ్చిండు?”

“యాభైకల్లా వచ్చేశారండీ. చాలా ఫాస్టు.”

లింగస్వామి చిన్న నోటుబుక్కులో మూడు టైములూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు. “ఠాణా నుంచి గీడికి ఖాళీ రోడ్డు మీద ఇరవై నిమిషాలు. శుక్రవారం పొద్దుగాల, ఆఫీసుల టైముల అయిదు నిమిషాలకు ఎట్లొచ్చిండు? హెలికాప్టర్ల దిగిండా?”

నరేష్‌కుమార్ నవ్వబోయి, నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. “ఈ చుట్టుపక్కలే రౌండ్స్‌లో ఉన్నారటండీ.”

“అదృష్టవంతులే. నా పాకిట్ పోతే ఒక్కడు గూడ రౌండ్స్‌ల ఉండడు.” పేజీ తిప్పాడు. “కోదండం ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిందా?”

“అగ్రిమెంటు అయిందండీ. రిజిస్ట్రేషన్ మూఢం పోయాక పెట్టుకుందామన్నాం. వాళ్లే అన్నారు. మూఢంలో ఎవరు చేయించుకుంటారు చెప్పండి?”

“పాలు పొంగిచ్చుడు?”

“మూఢం రాకముందే సోమవారం ముహూర్తానికి పొంగించేశారు. రాత్రి పడుకోనివ్వలేదు, లిఫ్టు పని ఉంది కదా. పాలు పొంగితే గృహప్రవేశం అయినట్టే. ఇక రెండున్నర నెలలు మూఢం పోయేదాకా తాళం.”

“తాళంచెవి ఎవరి కాడున్నది?”

నరేష్‌కుమార్ చెయ్యి తనకు తెలియకుండానే సొరుగు మీదికి పోయింది. “కబోర్డు పని ఉందని... మా దగ్గరే పెట్టుకున్నాం.”

లింగస్వామికి ఒళ్లు మండింది. ఆ మంట బిల్డర్ ఒక్కడి మీదే కాదు. ముప్ఫై ఏళ్లు షాపులో నిలబడి కాళ్లు వాపులెక్కించుకుని దాచుకున్న మనిషి, ఒక్క చీర అరువిస్తే నాలుగుసార్లు ఫోన్ చేసే మనిషి, ఇల్లు అనగానే తాళంచెవి కూడా వాడి చేతిలోనే పెట్టి దండం పెట్టి పోతాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితం తీయించడు గానీ పంతులు దగ్గరికి మూడుసార్లు తిరుగుతాడు. శుక్రుడు కనబడకపోతే భయం. బిల్డర్ కనబడకపోతే మాత్రం భయం లేదు. ఏం తెలివిరా నాయనా!

“చెవి ఇటియ్యి. ఇంటావిడ కాగితం ఇచ్చింది,” అన్నాడు.

“సీఐ గారిని ఒక్క మాట అడిగి...”

“అడగనక్కర్లే. నేనే ఒచ్చిన.”

గుమ్మంలో సీఐ మధుకర్ నిలబడి ఉన్నాడు. యూనిఫాం ఇస్త్రీ మడత నలగలేదు. ఆయన లింగస్వామిని చూసిన చూపు, అన్నంలో వచ్చిన వెంట్రుకను చూసినట్టుంది.

“ఏం లింగస్వామీ, బ్యాంకోళ్ల అడ్రస్‌లు ఎతుక్కునెటోనివి, మర్డర్ కేసులు సుత షురూ చేసినవా?”

“ఏం చేద్దాం సారూ. అడ్రస్‌లు ఎతుకుడు అందరికీ రాదు. మీరు దొంగను ఎతకపోతే బియ్యం డబ్బా దొరికింది. ఎవనికి వచ్చిన విద్య వానిది.”

మధుకర్ ఒక అడుగు ముందుకేశాడు. “ఉంగరం దొరికింది వాని అర్రల. ఇంకేం గావాలె నీకు?”

“నిండు బియ్యం డబ్బాల ఉంగరం దాసిపెట్టి, గదే గది ముంగట కూసొని పోలీసులకు మంచినీళ్లిచ్చిండు తిరుపతి. అంత తెల్విగల్ల దొంగను నేను ఇరవై రెండేండ్లల సూడలే.”

“ఎక్కువ మాట్లాడకు. లైసెన్సు లేని డిటెక్టివ్‌వు. నూకి లోపలేస్త.”

“డిటెక్టివ్‌కు లైసెన్సు ఏ ఆఫీసుల ఇస్తరో చెప్పుండ్రి సారూ, రేపే పోయి లైన్ల నిలబడత. మీకు లైసెన్సు ఉండి చేసిందేంది? చచ్చినాయన ఏడు పదికి ఇంట్ల నుంచి ఎల్లిండు. శవం తొమ్మిది నలభైకి దొరికింది. నడుమ రెండున్నర గంటలు ఆయన ఏం చేసిండో మీ ఫైల్ల ఒక్క లైన్ గూడ లేదట. వకీలు చూసి నవ్విండు.”

వకీలు మాట వినగానే మధుకర్ గొంతు తగ్గించాడు. ఠాణా ముందు పోచంపల్లి సంఘంవాళ్లు నలభై మంది పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నారు. వద్దంటే ఏదో దాస్తున్నాడంటారు. “పది నిమిషాలు. నేను ఎంట ఉంట. సూసుకో, ఫోటోలు దిగుకో, పో. నరేష్, నువ్వు సుత రా.”

పన్నెండు అయిదుకి నలుగురూ మెట్లెక్కారు. నాలుగో మనిషి యాదలక్ష్మి. చీపురు, నీళ్ల బకెట్టు, ఒక రేకు తట్ట పట్టుకుని అందరి వెనక వస్తోంది. ఆమెను రమ్మన్నది లింగస్వామే. మిగతా ఇద్దరూ ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. మెట్ల మీద దుమ్ముంది, ఊడ్చే మనిషి వెంట వస్తోంది. వాళ్లకు అంతే.

నాలుగో అంతస్తులో లిఫ్టు గుంతకు అడ్డంగా ఇప్పుడు రెండు చెక్కలు కొట్టారు. మనిషి చచ్చాక చెక్కలు కొట్టడం ఈ బిల్డర్లకు అలవాటే. లింగస్వామి అడుగులు లెక్కపెట్టాడు. 402 గడప నుంచి గుంత అంచు దాకా ఆరడుగులు. నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడే ముసలాయన్ని ఉంగరం కోసం నాలుగో అంతస్తు దాకా తెచ్చి తోయాల్సిన పనిలేదు. గడపలోంచి బయటికి గట్టిగా నెడితే చాలు.

నరేష్‌కుమార్ తాళం తీసి తలుపు తోశాడు. రాలేదు. వానకు చెక్క ఉబ్బింది. లింగస్వామి భుజం పెట్టి తోశాడు. ఊహూఁ.

“గిది గూడ చేతగాదు,” అంటూ మధుకర్ ముందుకొచ్చి, పిడిని కొంచెం పైకెత్తి, కాలితో కింది మూల తన్నాడు. తలుపు ఠక్కున తెరుచుకుంది. చీకటిగా ఉన్న హాల్లోకి అడుగు పెడుతూనే ఎడమ చేత్తో లైటు వేశాడు. స్విచ్చు బోర్డు తలుపు వెనకాల ఉంది.

లింగస్వామి ఆ తలుపునూ ఆ స్విచ్చునూ ఒకసారి చూసుకుని లోపలికి నడిచాడు.

“కోదండం ఏడు పదికి ఎల్లంగ ఇంటావిడతోటి ఏమన్నడో ఎరికేనా సారూ?” అన్నాడు హాలు దాటుతూ. “రాత్రంత వాన పడ్డది. కొత్త గోడలు కారుతున్నయేమో చూసొస్త అన్నడు. వాన పడ్డ తెల్లారి చూస్తేనే ఇల్లు అసలు రంగు తెలుస్తది. పైసలు పెట్టినోడు ఎవడైనా గదే చేస్తడు.”

“చేస్తే?”

“ఏం లే. గోడలు చూద్దామని.”

మధుకర్‌కు ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ హాల్లో కిటికీ దగ్గర నిలబడ్డాడు. నరేష్‌కుమార్ ఆయన పక్కనే తోడుపెళ్లికొడుకులా అతుక్కుని నిలబడ్డాడు. లింగస్వామి పడకగదిలోకి పోయాడు.

మూడు గోడలు పాత రంగు. ఒక్క గోడకు మాత్రం కొత్తగా తెల్ల రంగు కొట్టారు. నిన్నటిదో ఏమో, ఇంకా వాసనొస్తోంది. తడి ఆరని గోడకు ఎవడైనా రంగేస్తాడా? లింగస్వామి దగ్గరికెళ్లి వంగి చూశాడు. కిటికీ కింద, బ్రష్ అందని చోట, నీలం సుద్దతో సగం వలయం. కోదండం జేబులో నీలం సుద్దముక్క దొరికిందని లలితమ్మ చెప్పింది. బట్ట మీద గుర్తు పెట్టుకునే సుద్ద. ముసలాయన తడి మచ్చల చుట్టూ ఒకటొకటే గీసుకుంటూ పోయాడు. ఎంత ఆశపడి గీశాడో పాపం!

సుద్ద గీత రంగు కింద పోయింది. పెన్ను గీత పోలేదు. చవక రంగు వేస్తే సిరా ఊరుకోదు, పైకి తేలుతుంది. తెల్ల రంగులోంచి ఎర్రగా మరో వలయం కనిపిస్తోంది. దాని పక్కన తేదీ. తేదీ కింద ‘07.35 గం.లకు’.

అంటే నిన్న పొద్దున ఈ గదిలో ఇద్దరున్నారు. ఇద్దరూ ఒకే పని మీద వచ్చారు. పెయింటర్‌కు, మేస్త్రీకి ఈ పని అక్కర్లేదు. ఇంజనీరు తేదీ వేస్తాడు గానీ నిమిషాలు వేయడు. ఇంటి గోడ మీద తడి మచ్చ చూసి గంటలు నిమిషాలతో సహా రాసేవాడు, జీవితమంతా అలా రాస్తూ బతికినవాడై ఉండాలి. లింగస్వామి ఫోన్ తీసి రెండు ఫోటోలు తీశాడు. పదేళ్ల పాత ఫోన్. మసక మసకగా వచ్చాయి. ఇవి చూపిస్తే ఏ మేజిస్ట్రేటైనా ఇవి ఏ గోడవో అని అడుగుతాడు.

ఇంకా గట్టిది కావాలి.

వంటగదిలో ఆగ్నేయం మూల టైల్స్ పెట్టెలు దొంతర పెట్టి ఉన్నాయి. యాదలక్ష్మి అక్కడే ఊడుస్తోంది. లింగస్వామి ఒక్కో పెట్టె పక్కకు జరిపాడు. కింద తెల్ల టైల్ మీద నల్లటి మచ్చ. ఇటుకలు పెట్టి, పిడకలు అంటించి, పాలు పొంగించిన చోటు. అంచుల్లో కారిన పాలు ఎండి పసుపు చార కట్టాయి. ఇంకో పెట్టె జరిపాడు. ఇంకో మచ్చ. మూడోది తీశాడు. మరొకటి.

ఒక ఇంట్లో పాలు ఒక్కసారే పొంగిస్తారు. మూడు మచ్చలంటే మూడు కుటుంబాలు.

“యాదమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఈ ఇంట్ల ఎన్ని దినాలు పాలు పొంగినయి?”

“మాకేమెరుక సారూ. మూఢం ముంగట్నే ఆ ఒక్క వారంలనే మూడు పొద్దులు మమ్ముల తుర్కయంజాల్ సైటు కాడికి పంపిండు నరేష్ సారు, ఇటుకలు ఎత్తమని. మాపటికి ఒస్తే గిన్నె మాడి ఉండె. తోమి సజ్జ మీన పెట్టమన్నడు. మూడు మాట్ల పెట్టిన.”

“మూడు గిన్నెలు?”

“ఆఁ. పాలు పొంగిన గిన్నె ఎవలన్న పారేస్తరా సారూ? వాళ్లు సుత కొత్తింట్ల ఉండాలెనని ఇడిసిపోతరు గద. పైనే ఉన్నయి. నాకు సదువు రాదు, ఏది ఎవలదో ఎరుకలేదు.”

లింగస్వామికి మొత్తం బోధపడింది. మూఢానికి ముందు ఒకే వారంలో ముగ్గురికి మూడు ముహూర్తాలు. ప్రతివాడికీ ‘పడుకోవద్దు, లిఫ్టు పని ఉంది’ అని ఒకే మాట. తర్వాత రెండున్నర నెలలు ఒక్కడూ ఇటువైపు రాడు, రిజిస్ట్రేషన్ మాటెత్తడు. పంచాంగం మీద ఇంత నమ్మకం ఉన్న దొంగను ఆయన ఇంతవరకు చూడలేదు. నరేష్‌కుమార్ లెక్క ఒక్కచోటే తప్పింది. వాన తిథి వారం చూసి రాదు.

రంగు డబ్బా బోర్లించి ఎక్కి సజ్జ మీదికి చెయ్యి పెట్టాడు. మొదటిది ఇత్తడిది, ‘పున్న కోదండం, పోచంపల్లి’ అని మూతి అంచున చెక్కి ఉంది. తెలంగాణలో ఏ ఇంట్లో చూసినా గిన్నె మీద పేరు చెక్కించనిదే నిద్రపట్టదు. చచ్చినా గిన్నె మాత్రం కలిసిపోకూడదు! రెండోది స్టీలుది, ‘సుమిత్రమ్మ, వనస్థలిపురం’. ఆ రెండూ గట్టు మీద పెట్టమని యాదలక్ష్మి చేతికి అందించి మూడోదాన్ని వెలుతురుకు పెట్టాడు.

పెద్ద స్టీలు గిన్నె. అడుగున, చుక్కలు చుక్కలుగా, కొట్టొచ్చినట్టు అక్షరాలు: ‘చి.సౌ. అరుణశ్రీకి, అల్లుడు మధుకర్ ఎస్.ఐ. గారికి వివాహ కానుక – అత్తమామలు.’

అల్లుడి ఉద్యోగం మీద ఆ మామకు ఎంత మోజో! పేరు సరిపోలేదని పెళ్లినాటి పోస్టు కూడా చెక్కించాడు.

హాల్లో ఫోన్ మాటలు ఆగిపోయాయి.

లింగస్వామి డబ్బా దిగాడు. మూడో గిన్నె యాదలక్ష్మి రేకు తట్టలో బోర్లించి, దాని మీద తడి గుడ్డ, ఆ గుడ్డ మీద నిన్నటి మేస్త్రీలు వదిలేసిన టీ గ్లాసులు పెట్టాడు. ఆమె చెవి దగ్గర వంగాడు. “ఎవ్వలడిగినా బాసండ్లు తోమెటందుకు అను. గేటు దాటి ఆటో ఎక్కు. కోర్టు కాడ లలితమ్మ ఉంటది. ఈ గిన్నె ఆమె చేతుల పెట్టు. ఎవ్వలకు ఇయ్యకు. నీ మొగని పానం దీంట్లున్నది.” జేబులో ఉన్న నోట్లన్నీ ఆమె కొంగులో పెట్టాడు.

యాదలక్ష్మి కొంగు నడుముకు దోపింది. తట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

హాలు గుమ్మంలో మధుకర్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. “ఏందది?”

“బాసండ్లు సారూ. తోముకొస్త.”

మధుకర్ ఆమె మొహం వైపు కూడా చూడలేదు. మట్టి చీర తన ప్యాంటుకు తగలకుండా పక్కకు జరిగి, “పో, పో” అన్నాడు. ఆమె మెట్లు దిగిన చప్పుడు నాలుగు అంతస్తులూ వినబడింది. లింగస్వామి ఒక్కో అంతస్తూ లెక్కపెట్టాడు.

“అయిపాయెనా నీ పది నిమిషాలు?” మధుకర్ వంటగదిలోకి వచ్చాడు. జరిపిన పెట్టెలు చూశాడు. గట్టు మీద ఉన్న రెండు గిన్నెలు చూశాడు. సజ్జ వైపు చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

“మూడోది ఏది?”

లింగస్వామి ఆ మాట ఆ గదిలో అందరికీ బాగా వినపడేదాకా ఆగాడు. గుమ్మం దగ్గర నరేష్‌కుమార్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

“మూడున్నయని నేను చెప్పలే సారూ. మీ నరేష్ చెప్పిండేమో. లేకపోతే మీ అరుణశ్రీ మేడం ‘మా గిన్నె ఏది, తెచ్చిండ్రా’ అని అడుగుతున్నదేమో. ఆమె అమ్మోళ్లు పెట్టిన గిన్నె గద, మనసు కొట్టుకుంటది.”

“లింగస్వామీ...”

“ఆగుండ్రి. మీరు చెవి అడిగితే నరేష్ ఇయ్యకుండ ఉంటడా? ఏడు ముప్ఫై అయిదుకు మీరు గోడ మీద టైము రాసిండ్రు. పంచనామా అలవాటు! కొద్దిసేపటికి కోదండం ఒచ్చిండు, తలుపు తెరిచే ఉన్నది, చేతిల సుద్ద. ఇది నా ఇల్లన్నడు. మీరు నా ఇల్లన్నరు. పెద్దమనిషి భయపడలే, సీఐ అయితే ఏందన్నడు. మీరు నెట్టిండ్రు. కావాలెనని నెట్టిండ్రో కోపానికి నెట్టిండ్రో గుంతకు తెల్వదు.” ఆయన గొంతులో అసహ్యం దాచుకోలేదు. “నాకు కడుపు మండేది అది గూడ కాదు సారూ. ఒకే ఇల్లు ముగ్గురికి అమ్మినోడు గిదిగో, గుమ్మంల నిలబడ్డడు. వాని గల్లా పట్టలే మీరు. మీ లెక్కనే మోసపోయిన ముసలోని నూకిండ్రు. మల్ల వానితోటే కలిసి గోడకు రంగేయించిండ్రు, ముసలోని ఉంగరం తిరుపతి బియ్యం డబ్బాల పెట్టిండ్రు. థూ! గీ ఫ్లాటు కోసమా? ఇది మీది గూడ కాదు!”

మధుకర్ ఫోన్ తీసి గేటు దగ్గరి కానిస్టేబుల్‌కు కలిపాడు. “ఆ వాచ్‌మన్ పెండ్లాం, నెత్తి మీద తట్ట... ఆపు దాన్ని.”

ఫోన్‌లోంచి గొంతు గట్టిగానే వినిపించింది. “ఇప్పుడే ఆటో ఎక్కి పోయింది సార్. అడిగిన. సీఐ సారే పొమ్మన్నడు అన్నది.”

మధుకర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. టోపీ తీసి, గట్టు మీద కోదండం గిన్నె పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

“నరేష్.”

“స... సార్.”

“నువ్వు కిందికి పో. పోయేముందు, లిఫ్టు కాడ కొట్టినవ్ గద రెండు చెక్కలు, అవి ఊడబీకు.”

నరేష్‌కుమార్ ఒకసారి లింగస్వామి మొహంలోకి చూశాడు. కళ్లు దించేశాడు.

“అలాగేనండీ,” అన్నాడు. ఆరడుగుల అవతల చెక్కలోంచి మేకులు ఒకటొకటిగా ఊడుతున్న చప్పుడు మొదలైంది.